పెరటి చెట్టు స్కాలర్‌షిప్పులు

(మహాసభల విద్యా సదస్సులో తల్లిదండ్రులను, హైస్కూలు విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈ సదస్సు ఏర్పాటు చేసిన మిత్రులకు, చీరల స్టాళ్ళూ నగల స్టాళ్ళూ దాటుకుని ఈ చివరి గదిదాకా వచ్చిన అమ్మలకూ నాన్నలకూ, వాళ్ళ బలవంతం మీద వచ్చిన పిల్లలకూ ప్రత్యేకంగా నమస్కారం. పక్క హాల్లో సినిమావాళ్ళు ఉన్నారని తెలిసి కూడా ఇక్కడికి వచ్చారంటే, మీ ఇంట్లో ఈ ఏడు పన్నెండో తరగతిలో అడుగుపెట్టే బిడ్డ ఉందని నాకు అర్థమైపోయింది.

నాకు ఇచ్చిన అంశం "హైస్కూలు సీనియర్లు, స్థానిక ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు". పేరు కాస్త ఆఫీసు కాగితంలా ఉంది గానీ, విషయం మాత్రం మన ఇంటి లెక్కే. మా ఊరి స్కాలర్‌షిప్ కమిటీలో వాలంటీరుగా కొన్నేళ్ళుగా దరఖాస్తులు చదువుతున్నాను. ఆ బల్లకు అవతలి వైపు కూర్చుంటే కనిపించేది మీతో పంచుకోవాలని వచ్చాను.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అని మన సామెత. స్కాలర్‌షిప్పుల విషయంలో మనం అక్షరాలా అదే చేస్తున్నాం. స్కాలర్‌షిప్ అనగానే మనకు దేశం మొత్తం పోటీపడే పెద్ద పేర్లే గుర్తొస్తాయి. కోకా-కోలా స్కాలర్స్ సంగతే చూడండి. ఏటా 150 మందికి తలా 20,000 డాలర్లు ఇస్తారు. దరఖాస్తులు లక్ష దాటిన సంవత్సరాలున్నాయి. వెయ్యొద్దని నేననను, వెయ్యండి. కానీ అదే వారం మన స్కూలు కౌన్సెలర్ ఆఫీసు గోడమీద ఇంకో కాగితం అంటించి ఉంటుంది. మన టౌన్‌షిప్ ఇచ్చేది, వెయ్యి డాలర్లు. దానికి వచ్చే దరఖాస్తులు ఒక్కోసారి రెండు చేతుల వేళ్ళు దాటవు. ఆ కాగితం మనవాళ్ళు చదవరు. "వెయ్యి డాలర్లకు ఇంత రాతకోతలా?" అంటారు. నాలుగేళ్ళు వచ్చే వెయ్యి నాలుగు వేలవుతుందనీ, అలాంటివి మూడు కలిస్తే పుస్తకాల ఖర్చు, బస ఖర్చులో కొంత గట్టెక్కుతుందనీ లెక్క వెయ్యరు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ రోజు ఇంట గెలవడం గురించే మాట్లాడుకుందాం.

స్థానికం అంటే ఎంత దూరం?

నాలుగు వలయాలు ఊహించుకోండి. అన్నిటికన్నా లోపలి వలయం మన స్కూలు, స్కూల్ డిస్ట్రిక్ట్. రెండోది మన ఊరు, మన కౌంటీ. మూడోది మన నియోజకవర్గం, అంటే మనం ఓటేసే శాసనసభ్యులు. నాలుగోది మన రాష్ట్రం. లోపలికి వెళ్ళేకొద్దీ డబ్బు తగ్గుతుంది, పోటీ అంతకన్నా ఎక్కువగా తగ్గుతుంది.

ఊరి స్థాయిలో ప్రభుత్వానికీ ఊరి దాతలకూ మధ్య గీత సన్నగా ఉంటుంది. కౌంటీ ఇచ్చే డబ్బును చాలాచోట్ల కమ్యూనిటీ ఫౌండేషన్ పంచుతుంది. ఒకే దరఖాస్తు నింపితే ఆ ఫౌండేషన్ చేతిలో ఉన్న అనేక నిధులకు మన పిల్లల్ని సరిపోల్చి చూసే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఊరివాళ్ళే పూనుకుని నడిపే "డాలర్స్ ఫర్ స్కాలర్స్" శాఖలు కూడా ఇలాంటివే. దాని పుట్టుక తెలుసుకోదగ్గది. మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్ అనే మిల్లుల ఊళ్ళో ఇర్వింగ్ ఫ్రాడ్కిన్ అనే కళ్ళజోళ్ళ డాక్టరు, ఊళ్ళో ప్రతివాళ్ళూ ఒక్క డాలరు ఇస్తే మన పిల్లలు చదువుకుంటారని 1958లో మొదలుపెట్టాడు. ఆ డాలరు దేశమంతా పాకింది.

మిషిగన్‌లోని కలమజూ పట్టణం సంగతి ఇంకా పెద్దది. పేరు చెప్పుకోని దాతలు 2005లో ఒక మాట ఇచ్చారు. ఆ ఊరి పబ్లిక్ స్కూళ్ళలో చదివి పాసైన పిల్లలకు కాలేజీ ట్యూషన్ తాము కడతామన్నారు. కిండర్‌గార్టెన్ నుంచీ అక్కడే చదివితే నూటికి నూరు శాతం, తొమ్మిదో తరగతిలో చేరినవాళ్ళకు 65 శాతం. ర్యాంకు కాదు, ఆదాయం కాదు, ఎన్నేళ్ళు ఆ ఊరి పిల్లవాడివన్నదే లెక్క. ఉద్యోగం మారినప్పుడు ఇల్లు ఎక్కడ కొనాలా అని స్కూలు రేటింగులు చూసే మనం, ఆ ఊళ్ళో ఇలాంటి "ప్రామిస్" ఉందా అని కూడా చూడాలి.

మూడో వలయానికి మంచి ఉదాహరణ మేరీల్యాండ్. హోవర్డ్, మాంట్‌గోమరీ, ఫ్రెడరిక్ కౌంటీల నుంచి వచ్చినవాళ్ళు ఈ గదిలో ఉంటారు, జాగ్రత్తగా వినండి. మీ రాష్ట్రంలో 47 మంది సెనెటర్లు, 141 మంది డెలిగేట్లు. ప్రతి ఒక్కరి చేతిలోనూ తమ నియోజకవర్గం పిల్లలకు ఇవ్వడానికి స్కాలర్‌షిప్ డబ్బు ఉంటుంది. సెనెటోరియల్ స్కాలర్‌షిప్ ఏడాదికి కనీసం 400 డాలర్లు, డెలిగేట్‌ది కనీసం 200. కనీసం అన్నాను గుర్తుంచుకోండి. ఒక్కో సభ్యుడిది ఒక్కో పద్ధతి. ఒకరు సొంత ఫారం, వ్యాసం, ట్రాన్‌స్క్రిప్ట్ అడుగుతారు. ఇంకొకరు ఎంపికను రాష్ట్ర హయ్యర్ ఎడ్యుకేషన్ కమిషన్‌కే వదిలేస్తారు. కాబట్టి మీ సెనెటర్ ఆఫీసుకూ, మీ డెలిగేట్లందరి ఆఫీసులకూ విడివిడిగా ఫోను చెయ్యాలి. ఆ ఫోను అమ్మో నాన్నో కాదు, పిల్లలే చెయ్యాలి. అడగందే అమ్మయినా పెట్టదు, సెనెటర్ ఎందుకు పెడతాడు?

ఇక్కడ ఒక హెచ్చరిక. మనవాళ్ళ మధ్య తిరిగే స్కాలర్‌షిప్ లిస్టులను గుడ్డిగా నమ్మకండి. ఇల్లినాయ్‌లో కూడా శాసనసభ్యులు ట్యూషన్ మాఫీ ఇచ్చే పద్ధతి ఒకప్పుడు ఉండేది. పలుకుబడి ఉన్నవాళ్ళ పిల్లలకే పోతోందన్న ఆరోపణలు వచ్చి 2012లో ఆ పథకాన్ని రద్దు చేశారు. పాత లిస్టులో పేరుందని వెతుక్కుంటూ పోతే కాలం వృథా. ప్రతి పథకానికీ దాని అసలు ఆఫీసులో ఈ సంవత్సరపు నియమాలు చూసుకోవాలి.

రాష్ట్రం ఇచ్చేది

నాలుగో వలయం రాష్ట్రం. డబ్బు ఎక్కువగా ఉండేది ఇక్కడే. మనవాళ్ళు ఎక్కువగా ఉన్న కొన్ని రాష్ట్రాల సంగతి చెబుతాను.

జార్జియాలో 1993లో లాటరీ డబ్బుతో హోప్ స్కాలర్‌షిప్ మొదలైంది. 3.0 జీపీఏ ఉండాలి. దానిమీద జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్ ఉంది. దానికి 3.7 జీపీఏతో పాటు శాట్‌లో ఒకే సిట్టింగులో 1200 గానీ, సరితూగే ఏసీటీ స్కోరు గానీ కావాలి. ఇక్కడే తిరకాసు ఉంది. ఈ జీపీఏ మన స్కూలు ఇచ్చిన రిపోర్టులోది కాదు. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్, విదేశీ భాష లాంటి ముఖ్య సబ్జెక్టులే తీసుకుని, స్కూలు వేసిన అదనపు వెయిటేజీ తీసేసి, ఏపీ లాంటి కోర్సులకు అర పాయింటు కలిపి రాష్ట్రమే సొంతంగా లెక్క కడుతుంది. "మా వాడికి 4.2 ఉందండీ" అని నిశ్చింతగా ఉన్నవాళ్ళు ఆ లెక్క పదకొండో తరగతిలోనే చూసుకోవాలి. ఇంకొకటి, ఆ డబ్బు జార్జియా కాలేజీల్లోనే చెల్లుతుంది. కాలేజీలో కూడా హోప్‌కు 3.0, జెల్ మిల్లర్‌కు 3.3 నిలబెట్టుకోవాలి.

ఫ్లోరిడాలో బ్రైట్ ఫ్యూచర్స్ 1997లో వచ్చింది, అదీ లాటరీ డబ్బే. పై మెట్టుకు 3.5 వెయిటెడ్ జీపీఏ, 100 గంటల సేవ. కింది మెట్టుకు 3.0, 75 గంటల సేవ. సేవకు బదులు 100 గంటలు జీతానికి పనిచేసినా 2022 నుంచి ఒప్పుకుంటున్నారు. రెండు మెట్లకూ శాట్ లాంటి పరీక్షలో నిర్ణీత స్కోరు కూడా కావాలి. సేవ చేసిన గంటలను ఎప్పటికప్పుడు కాగితం మీద సంతకంతో నమోదు చేయించుకోవాలి. చివర్లో అందరినీ బతిమాలుకోవడం మహా కష్టం.

కెంటకీలో కీస్ అనే పథకం తొమ్మిదో తరగతి నుంచే లెక్క మొదలుపెడుతుంది. ఏడాదికి 2.5 జీపీఏ వస్తే 125 డాలర్లు, 4.0 వస్తే 500 డాలర్లు మన పిల్లల పేరున జమ అవుతూ వస్తాయి. పన్నెండులో కళ్ళు తెరిస్తే మూడేళ్ళు గడిచిపోయినట్టే. తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఇవాళ వచ్చి ఉంటే, వాళ్ళే ఈ గదిలో అందరికన్నా తెలివైనవాళ్ళు.

న్యూజెర్సీలో ఎన్‌జే స్టార్స్ ఉంది. క్లాసులో మొదటి 15 శాతంలో ఉన్నవాళ్ళకు తమ కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో ట్యూషన్ రాష్ట్రం కడుతుంది. తర్వాత నాలుగేళ్ళ కాలేజీకి మారేవాళ్ళకు రెండో దశ సాయం కూడా ఉంది. ఎడిసన్‌లో ఈ మాట చెప్తే, "కమ్యూనిటీ కాలేజీకా? పెళ్ళిళ్ళలో ఏం చెప్పుకోవాలండీ?" అని అడిగినాయన ఉన్నాడు. అయ్యా, చివరికి పట్టా మీద ఉండేది నాలుగేళ్ళ కాలేజీ పేరే. అప్పు లేని పట్టా గురించి పెళ్ళిళ్ళలో ధైర్యంగానే చెప్పుకోవచ్చు.

వర్జీనియావాళ్ళు రాష్ట్రంలోని ప్రైవేటు కాలేజీకి వెళ్తే ట్యూషన్ అసిస్టెన్స్ గ్రాంట్ వస్తుంది. దానికి ఆదాయంతో పని లేదు, నివాసం, దరఖాస్తు చాలు. టెక్సస్‌లో క్లాస్ ఫస్టు వచ్చిన పిల్లలకు రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల్లో మొదటి ఏడాది ట్యూషన్ మాఫీ చేసే పద్ధతి ఉంది. కాలిఫోర్నియాలో కాల్ గ్రాంట్, మిడిల్ క్లాస్ స్కాలర్‌షిప్ రెండింటికీ మామూలుగా మార్చి 2 గడువు. ఇక న్యూయార్క్ ఎక్సెల్సియర్ 2017లో మొదలైంది. 1,25,000 డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు ఆ రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల్లో ట్యూషన్ లేకుండా చేస్తుంది. కానీ ఎన్నేళ్ళు ఆ డబ్బు తీసుకున్నారో అన్నేళ్ళు తర్వాత న్యూయార్క్‌లోనే ఉండాలి. లేకపోతే అది అప్పుగా మారుతుంది. బిడ్డ చదువయ్యాక కాలిఫోర్నియాలో కొలువుకు వెళ్ళాలని కలలు కంటుంటే సంతకం పెట్టేముందు ఇది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

బల్లకు అవతల ఏం చూస్తారు?

రాష్ట్రం ఇచ్చేది చాలావరకు మార్కుల లెక్క. ఊరు ఇచ్చేది మనుషులు చదివి ఇస్తారు. మా కమిటీలో రిటైరైన టీచరమ్మ ఉంది, ఫైర్ డిపార్ట్‌మెంట్ ఆయన ఉన్నాడు, హార్డ్‌వేర్ దుకాణం ఆయన ఉన్నాడు. సాయంత్రం కాఫీ పెట్టుకుని కట్టలు పంచుకుంటాం.

మన పిల్లల దరఖాస్తులు ఎవరిదో పేరు చూడకుండానే నేను పోల్చగలను. మార్కులు అద్భుతం. ఏపీ కోర్సులు ఎనిమిది. స్పెల్లింగ్ బీ, రోబోటిక్స్, అరంగేట్రం, వేసవిలో డాక్టరు అంకుల్ దగ్గర షాడోయింగ్. వ్యాసంలో "ప్రపంచాన్ని మార్చాలని నా ఆశయం". హార్డ్‌వేర్ ఆయన అది చదివి అద్దాలు తీసి అడుగుతాడు: "బాగుంది. కానీ ఈ అబ్బాయి మన ఊళ్ళో ఉంటున్నాడా?" ఆ ప్రశ్నకు దరఖాస్తులో ఎక్కడా జవాబుండదు. స్కూలు, ఇల్లు, వారాంతంలో నలభై మైళ్ళ దూరంలో తెలుగు కార్యక్రమం. ఈ రెంటి మధ్య ఉన్న ఊరు కారు కిటికీలోంచి చూసిందే.

ఒక ఏడాది ఒకమ్మాయి రాసింది. ఇండియా నుంచి వచ్చిన తాతగారికి రోజూ లైబ్రరీకి నడిచి వెళ్ళడం ఇష్టం. మధ్యలో ఒక రోడ్డు దాటాలి, అక్కడ గీతలు లేవు, సిగ్నలూ లేదు. ఆ పిల్ల టౌన్ కౌన్సిల్ మీటింగుకు వెళ్ళి, సామాన్యులకు ఇచ్చే మూడు నిమిషాల్లో ఆ సంగతి చెప్పింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ చెప్పింది. కాలిబాట రాలేదు గానీ, రోడ్డుమీద తెల్లగీతలు వేశారు. వ్యాసంలో గొప్ప ఇంగ్లీషు లేదు. కానీ బల్ల చుట్టూ ఉన్న మా అందరికీ ఆ రోడ్డు తెలుసు. ఫైర్ డిపార్ట్‌మెంట్ ఆయన రెండో మాట లేకుండా ఆమెకు ఓటేశాడు.

ఇంకో అబ్బాయి నాన్నగారు గ్యాస్ స్టేషన్ నడుపుతారు. శని, ఆదివారాలు కౌంటర్లో కూర్చునేది ఈ అబ్బాయే. ఆ సంగతి దరఖాస్తులో రాయొద్దని ఇంట్లో అన్నారట, నలుగురిలో చిన్నతనమని. స్కూలు కౌన్సెలర్ రాయమంటే రాశాడు. రాత్రి పది తర్వాత వచ్చేవాళ్ళ పేర్లు, ఎవరికి ఏ కాఫీ కావాలో తనకు తెలుసని రాశాడు. అమ్మలారా, అయ్యలారా, పిల్లవాడు చేసిన పని ఏదైనా సరే, దాచకండి. ఈ దేశంలో పనిచేసిన పిల్లవాడికి ఒక గౌరవం ఉంది. మన మోటెళ్ళలో, దుకాణాల్లో, రెస్టారెంట్లలో తల్లిదండ్రులకు సాయంచేసే పిల్లలు రాసుకోదగ్గ కథలు మోస్తున్నారు.

సిఫారసు లేఖ గురించి ఒక మాట. మనకు తెలిసిన పెద్ద డాక్టరు, కంపెనీ వైస్ ప్రెసిడెంటు రాసిన లేఖ కంటే, రెండేళ్ళు చూసిన లైబ్రేరియన్ రాసిన అరపేజీ బలంగా ఉంటుంది. ఆ లేఖ అడగడానికి కనీసం మూడు నాలుగు వారాల వ్యవధి ఇవ్వండి. వ్యాసం మీరు రాసిపెట్టకండి. నలభై ఏళ్ళ మనిషి ఇంగ్లీషుకూ పదిహేడేళ్ళ పిల్లల ఇంగ్లీషుకూ తేడా మా టీచరమ్మ మొదటి వాక్యంలోనే పట్టేస్తుంది.

"మాకు రాదు కదండీ"

ఇక ఫాఫ్సా. కేంద్ర ప్రభుత్వ విద్యార్థి సాయానికి ఉచిత దరఖాస్తు. స్థానిక స్కాలర్‌షిప్పుల సభలో కేంద్రం గోల ఎందుకంటారా? మేరీల్యాండ్ సెనెటోరియల్‌తో సహా రాష్ట్రాల పథకాలు ఎన్నో ఫాఫ్సా మీదే నడుస్తాయి. కొన్ని కాలేజీలు మెరిట్ స్కాలర్‌షిప్‌కు కూడా అది ఉండాలంటాయి.

"మా ఇద్దరికీ ఉద్యోగాలండీ, మాకేం రాదు, అనవసరంగా లెక్కలన్నీ ఎందుకు చెప్పాలి?" ఈ మాట ప్రతి సభలోనూ వింటాను. పెల్ గ్రాంట్ మీకు రాకపోవచ్చు. కానీ ఫాఫ్సా లేకపోతే మీ రాష్ట్రం తలుపు కూడా కొన్నిసార్లు తెరుచుకోదు. రేపు ఉద్యోగం పోతే కాలేజీ ఎయిడ్ ఆఫీసుతో మాట్లాడటానికి కూడా ఆ కాగితమే ఆధారం.

2024-25 నుంచి ఈ దరఖాస్తు బాగా మారింది. పాత ఈఎఫ్‌సీ పోయి స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ వచ్చింది. ఒకేసారి ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉంటే ఇదివరకు తల్లిదండ్రుల వాటాను పంచేవారు, ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. పన్ను వివరాలు ఐఆర్‌ఎస్ నుంచి నేరుగా వస్తాయి, దానికి పిల్లలూ తల్లిదండ్రులూ ఎవరి అకౌంటులో వాళ్ళు అంగీకారం చెప్పాలి. ఆ అకౌంట్లు వేసవిలోనే తెరిచి పెట్టుకోండి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లి కూడా అకౌంటు తెరుచుకోవచ్చు.

మనకు ప్రత్యేకమైన సంగతి ఆస్తులు. మీరు ఉంటున్న ఇల్లు, రిటైర్మెంట్ అకౌంట్లు ఫాఫ్సా అడగదు. కానీ హైదరాబాదులో అద్దెకిచ్చిన ఫ్లాటు, విజయవాడ దగ్గర కొన్న ప్లాటు మీ పేరున ఉంటే, అప్పు పోను మిగిలిన విలువ పెట్టుబడి కింద చూపించాల్సిందే. దేశం దాటితే ఆస్తి కాకుండా పోదు. సంతకం పెట్టేది ప్రభుత్వ కాగితం మీద. అందులో నిజమే రాయాలి.

వీసా దగ్గర ఆగిపోయే పిల్లలు

ఇది కొంచెం బరువైన విషయం, అయినా దాటవేయను. ఫాఫ్సా సాయానికి బిడ్డ అమెరికా పౌరుడో, గ్రీన్ కార్డుదారో, చట్టం గుర్తించిన మరికొన్ని వర్గాల్లోనివాడో అయి ఉండాలి. హెచ్-4 మీద ఉన్న పిల్లలు అందులోకి రారు. జార్జియా హోప్ లాంటి రాష్ట్ర పథకాలు కూడా అదే నియమం పెట్టుకున్నాయి. రెండేళ్ళ వయసులో వచ్చి, ఇక్కడే అక్షరాలు దిద్ది, క్లాసులో మొదటివాడైన పిల్లవాడికి స్నేహితులందరికీ వచ్చింది తనకెందుకు రాదో పదిహేడేళ్ళకు తెలుస్తుంది. గ్రీన్ కార్డు క్యూలో మనం పడ్డ ఇబ్బంది మనది. దాని దెబ్బ మాత్రం వాళ్ళకు తగులుతుంది.

అందుకే ముందే చెప్పండి. సీనియర్ సంవత్సరం మధ్యలో తెలిస్తే కుంగిపోతారు. తొమ్మిదిలో తెలిస్తే దారి వెతుక్కుంటారు. దారులు ఉన్నాయి. ఊరి నిధులు, ఫౌండేషన్లు, క్లబ్బులు ఇచ్చే వాటిలో కొన్ని పౌరసత్వం అడగవు, ఆ ఊరి స్కూల్లో చదివితే చాలంటాయి. ఈ పిల్లలకు పెరటి చెట్టే నిజమైన మందు. చాలా రాష్ట్రాల్లో హెచ్-4 పిల్లలకు స్థానికుల ఫీజు దొరికే మార్గం కూడా ఉంది. అయితే 21 ఏళ్ళు నిండితే హెచ్-4 పోతుంది. ఎఫ్-1కి మారితే కొన్నిచోట్ల ఆ ఫీజు కూడా చేజారుతుంది. కాలేజీ రిజిస్ట్రార్‌ను ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఇమ్మిగ్రేషన్ లాయరును కూడా సంప్రదించండి.

దీనికి తిరగబడ్డ పొరపాటు కూడా ఉంది. అమ్మానాన్నలు ఇంకా హెచ్-1లో ఉన్నారు కాబట్టి ఇక్కడే పుట్టిన పాపకు కూడా ఏమీ రాదనుకునేవాళ్ళు ఎందరో. కేంద్ర సాయానికి చూసేది బిడ్డ హోదా, తల్లిదండ్రులది కాదు. రాష్ట్ర నివాసం విషయంలో మాత్రం ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నియమం, విడిగా కనుక్కోవాలి.

వచ్చిన తర్వాత

స్కాలర్‌షిప్ వచ్చిందని కాలేజీకి తెలియజేయాలి. అప్పుడు కొన్ని కాలేజీలు తామిచ్చే సాయం ఆ మేరకు తగ్గిస్తాయి. ఇవతల చేత్తో వచ్చింది అవతల చేత్తో పోతుంది. ప్రభుత్వ కాలేజీలు ఇలా ఇష్టమొచ్చినట్టు చేయకుండా 2017లో మొట్టమొదట చట్టం చేసింది మేరీల్యాండే. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు ఆ దారిలో నడిచాయి. మీ కాలేజీని అడగాల్సిన ప్రశ్న ఒకటే: "తగ్గించక తప్పకపోతే అప్పు భాగం తగ్గిస్తారా, గ్రాంటు భాగం తగ్గిస్తారా?"

పన్ను సంగతి. డిగ్రీ చదివే పిల్లలకు ట్యూషన్, ఫీజులు, తప్పనిసరి పుస్తకాలకు పోయే స్కాలర్‌షిప్ డబ్బు మీద కేంద్ర ఆదాయపు పన్ను లేదు. బస, భోజనానికి వాడిన భాగం మీద ఉంటుంది. రెండో ఏడాదికి రెన్యూ చేసుకోవాలా, ఎంత జీపీఏ నిలబెట్టాలి, ఎన్ని క్రెడిట్లు తీసుకోవాలి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పిల్లల గది గోడకు అంటించండి. ఇంకా, చేత్తో రాసిన ధన్యవాదాల ఉత్తరం ఒకటి పంపించండి. మా కమిటీకి వచ్చిన ఉత్తరాలు టీచరమ్మ పెట్టెలో దాచిపెడుతుంది.

ఏ నెలలో ఏం చెయ్యాలి?

జూలై, ఆగస్టు: మీ రాష్ట్ర ఉన్నత విద్యా సంస్థ నియమాలు చదవాలి. మీ కౌంటీ, మీ నియోజకవర్గం, మీ శాసనసభ్యుల పేర్లు తెలుసుకోవాలి. పిల్లలు చేసిన పనులు, సేవ, ఉద్యోగం అన్నీ గంటలతో సహా ఒకచోట రాసుకోవాలి.

సెప్టెంబరు: స్కూలు కౌన్సెలర్‌ను కలిసి స్థానిక స్కాలర్‌షిప్పుల జాబితా అడగాలి. సిఫారసు లేఖలకు అడగాలి.

అక్టోబరు: చట్టప్రకారం ఫాఫ్సా అక్టోబరు 1 కల్లా తెరుచుకోవాలి. మొదటి రెండు వారాల్లో పూర్తిచేస్తే నిశ్చింత. ఫ్లోరిడా దరఖాస్తు కూడా అప్పుడే మొదలవుతుంది.

నవంబరు: టెనెసీ ప్రామిస్‌కు గడువు నవంబరు 1. మిగతావాళ్ళు థాంక్స్‌గివింగ్ సెలవుల్లో ఊరి స్కాలర్‌షిప్పుల వ్యాసాలు మొదలుపెట్టండి.

జనవరి నుంచి మార్చి: ఊరి, కౌంటీ గడువులు ఎక్కువగా పడే కాలం ఇది. మేరీల్యాండ్‌వాళ్ళకు మార్చి 1 పెద్ద పండగ లాంటిది, క్యాలెండర్లో ఎర్రరంగు పూయండి.

ఏప్రిల్, మే: వచ్చిన సాయాల ఉత్తరాలు పక్కపక్కన పెట్టి, చివరికి ఇంటినుంచి ఎంత కట్టాలో లెక్క వేసి, అప్పుడు కాలేజీ నిర్ణయించండి.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు కొత్త కాదు. ఈసారికి ఆకులు ముందే కోసి పెట్టుకుందాం.

చివరి మాట

మనం వదిలి వచ్చిన ఊళ్ళ గురించి మనకు ఎంతో బెంగ. చదివిన బడికి గదులు కట్టిస్తాం, పదో తరగతిలో ఫస్టు వచ్చిన పిల్లలకు తాతగారి పేర బహుమతులు ఇస్తాం. చాలా మంచి పని, చేస్తూనే ఉందాం. అయితే మన పిల్లలకు సొంత ఊరంటే మన జిల్లాలోని ఆ పల్లె కాదు. స్కూలు బస్సు ఆగే ఈ వీధి, ఈ లైబ్రరీ, ఈ పార్కు. ఈ ఊరు వాళ్ళను తన పిల్లలుగా ఎంచుకుని డబ్బిస్తానంటే, తీసుకోవడానికి మనం మొహమాటపడుతున్నాం, కొందరం చులకన చేస్తున్నాం.

దరఖాస్తు పెట్టడమంటే చేయి చాపడం కాదు. "నేను ఈ ఊరివాణ్ణి, నన్ను చూడండి" అని చెప్పుకోవడం. మన ఆస్తిపన్ను కూడా ఈ ఊరి ఖజానాకే చేరుతోంది.

మీకు నాదొక విన్నపం. మీ పిల్లలు కాలేజీకి వెళ్ళాక మీ ఊరి స్కాలర్‌షిప్ కమిటీకి వెళ్ళి, దరఖాస్తులు చదవడానికి మనిషి కావాలా అని అడగండి. మా దగ్గరైతే ఎప్పుడూ కావాలి. పది కుటుంబాలు కలిసి తలా యాభై డాలర్లు వేసుకుంటే ఊరి నిధిలో మన పేరున కూడా ఓ చిన్న బహుమతి ఉంటుంది. అది తెలుగు పిల్లలకే అని షరతు పెట్టకండి. ఫాల్ రివర్ డాక్టరు పెట్టలేదు, కలమజూ దాతలూ పెట్టలేదు.

పిల్లలూ, సోమవారం ఇంటికి వెళ్ళగానే మీ కౌంటీ పేరు, మీ శాసనసభ్యుల పేర్లు ఒక కాగితం మీద రాయండి. చూడకుండా రాయగలిగితే సగం దరఖాస్తు అయిపోయినట్టే.

ప్రశ్నలుంటే అడగండి, భోజనాల గంట కొట్టేదాకా ఇక్కడే ఉంటాను. సెలవు.